నోరు ఎండాలి, మతి చెదరకూడదు

మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ తెలియకుండానే గుటకలు వేస్తుంటాం కాబట్టి ఆ లెక్క మనకు పట్టదు. పార్కిన్సన్స్ జబ్బు ముదిరినవారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు, మోటార్ న్యూరాన్ జబ్బు గొంతుకు పాకినవారికి, పక్షవాతంలో మూతి వంకర పోయినవారికి ఆ గుటకే కరువవుతుంది. పెదవులు బిగవవు, తల ముందుకు వాలుతుంది, చొంగ కారుతుంది. చూసేవాళ్లకు నోట్లో నీళ్లు ఎక్కువగా ఊరుతున్నట్టు అనిపిస్తుంది. కొలిచి చూస్తే అలా లేదు. పార్కిన్సన్స్ రోగుల లాలాజలాన్ని కొలిచిన అధ్యయనాలు చాలావాటిలో అది ఆరోగ్యవంతులకన్నా తక్కువే అని తేలింది. వరద వచ్చి చెరువు పొంగడం కాదిది, తూము పూడి కట్ట మీంచి పొర్లడం. ఆ జబ్బుకు పేరైన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే ఈ సంగతి పసిగట్టాడు. ఉమ్మి గొంతు వెనక్కి చేరడం లేదని, అందుకే ఆగకుండా బయటికి కారుతోందని తన చిన్న పుస్తకంలో రాశాడు.

రెండు శతాబ్దాలు గడిచినా మన చేతిలో ఉన్న మందులన్నీ ఊటను తగ్గించేవే. చొంగ కోసం రాసే మందుల్లో మింగడాన్ని బాగుచేసేది ఒక్కటీ లేదు. మామూలుగానో, అంతకన్నా తక్కువగానో ఊరుతున్న లాలాజలాన్ని ఇంకా తగ్గించి, మింగలేని లోటును సర్దుకోవడమే ఈ వైద్యం. ఏ మందు గొప్పదన్న చర్చలోకి దిగేముందు ఈ పరిమితిని ఒప్పుకుంటే చాలా సంగతులు తేలికపడతాయి. ఏ మందుకైనా విజయమంటే కొంత నోరెండడమే. ఎంత ఎండాలి, నోటితోపాటు ఇంకేం ఎండిపోతాయి అన్నవే అసలు ప్రశ్నలు.

పిల్లలు రెండేళ్లలోపు చొంగ కార్చడం సహజం. నాలుగేళ్లు దాటినా ఆగకపోతేనే దాన్ని జబ్బు కింద లెక్కేస్తారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో నూటికి నలభై మందికి పైగా దీనితో బాధపడతారని అంచనా. పార్కిన్సన్స్ విషయంలో అంచనాలు నూటికి పది నుంచి ఎనభై దాటి పోతాయి, ఎవరు ఎలా అడిగారన్నదాన్ని బట్టి. గడ్డం కింద చర్మం చిట్లుతుంది, బట్టలు వాసన కొడతాయి, పలక, పుస్తకం, చేతిలోని ఫోను తడిసిపోతాయి. పెళ్లి పంక్తిలో కూర్చోవడం ఇష్టంలేక పెద్దాయన తన గదిలోనే కంచం పెట్టించుకుంటాడు. ఇవన్నీ కంటికి కనిపించే బాధలు. ముందుకు కారకుండా గొంతులోకి జారి ఊపిరితిత్తుల్లో దిగే చొంగ ఇంకో రకం. అది పైకి కనిపించదు. మాటిమాటికీ న్యుమోనియా వస్తున్న పిల్లాడిలో దాన్ని వెతకాలి.

కొలవడానికి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ బృందం ఒకటి 2010లో చేసిన పని నాకు నచ్చుతుంది. మిల్లీలీటర్లు వదిలేసి తల్లిదండ్రుల్ని అడిగారు: రోజుకు ఎన్నిసార్లు గుడ్డ మార్చాల్సి వస్తోంది, వాసన వస్తోందా, పిల్లాడు సిగ్గుపడుతున్నాడా, ఇంట్లో వస్తువులు ఎంత తరచుగా తుడవాల్సి వస్తోంది అని. ఆ ప్రశ్నలతో కూడిన కొలబద్దనే తరవాత వచ్చిన మంచి పరిశోధనలు కొన్ని వాడుకున్నాయి. మందు పనిచేస్తోందో లేదో తేల్చాల్సింది తువాళ్ల లెక్కే అని నా అభిప్రాయం కూడా.

కొత్త మందు రాసేముందు పాత చీటీ చూడాలి. మూర్ఛకు ఇచ్చే క్లోబజామ్, క్లోనజెపామ్, నైట్రజెపామ్ పిల్లల్లో చొంగను పెంచుతాయి. మతిమరుపుకు వాడే రివాస్టిగ్మిన్, డొనెపెజిల్ లాలాజలాన్ని ఊరించే దిశలోనే పనిచేస్తాయి. వాటిని కొనసాగిస్తూ పక్కనే నోరెండించే మందు చేరిస్తే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి లాగుతాయి. మానసిక జబ్బుకు వాడే క్లోజపిన్‌తో రాత్రుళ్లు దిండు తడిసిపోవడం అందరికీ తెలిసిందే. అక్కడ ఇంకో ప్రమాదం కాచుకుని ఉంటుంది. క్లోజపినే పేగును మందగింపజేస్తుంది, దానికి చొంగ మందు తోడైతే మలబద్ధకం ప్రాణం మీదికి రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జనవరిలో క్లోజపిన్ మలబద్ధకంపై హెచ్చరికను మరింత గట్టిచేసింది. ఇక పార్కిన్సన్స్‌లో లెవోడోపా మోతాదు సరిగ్గా కుదిరితే గుటక కూడా కొంత కుదురుతుంది. చూయింగ్ గమ్ నమిలితే గుటకలు పెరుగుతాయని 2010లో ఒక చిన్న పరిశోధన చూపింది. తల నిలబెట్టే కుర్చీ, పెదవులు మూయించే సాధన, స్పీచ్ థెరపిస్టు సాయం మందుకన్నా ముందు రావాలి. మన జిల్లా కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టు దొరకడం కష్టం కాబట్టే మందు ముందుకొస్తోందన్నదీ నిజమే.

మందుల కథ ఉమ్మెత్తతో మొదలుపెట్టవచ్చు. ఉమ్మెత్త కాయ తిన్నవాడికి ఏమవుతుందో పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. నోరు పిడచకట్టుకుపోతుంది, చూపు మసకబారుతుంది, ఒళ్లు చెమట పట్టకుండా కాలిపోతుంది, చివరికి లేనివాళ్లతో మాట్లాడతాడు. అందులోని అట్రోపిన్, హయోసిన్ అనే పదార్థాలే ఈ వైద్యానికి మూలం. లాలాజల గ్రంథులకు నరాల ద్వారా వచ్చే ఆజ్ఞను ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మోస్తుంది. దవడ కింది గ్రంథులకు ఒక నరం, చెవి ముందు గ్రంథికి మరొకటి. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఊరేదాంట్లో ఎక్కువ వాటా దవడ కిందివాటిదే, భోజనం వేళ చెవి ముందువి జోరందుకుంటాయి. అట్రోపిన్ జాతి మందులు ఎసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన చోటును ఆక్రమించి ఆజ్ఞను ఆపేస్తాయి. చిక్కేమిటంటే అదే రసాయనం కంటిపాపకు, గుండెకు, పేగుకు, మూత్రాశయానికి, చెమట గ్రంథులకు, జ్ఞాపకానికి కూడా ఆజ్ఞలు మోస్తుంది. పారిస్‌లో నరాల వైద్యుడు షార్కో శిష్యుడు ఆర్డెన్‌స్టైన్ 1867 నాటికే ఈ జాతి మొక్కల సారాన్ని పార్కిన్సన్స్ వణుకుకు వాడిన సంగతి రాశాడు. వణుకు తగ్గిందో లేదోగాని నోరు ఎండడం ఖాయం.

మన ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లకు అట్రోపిన్ శక్తి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగి గుంటూరుకో వరంగల్‌కో తెచ్చిన రైతు నోట్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి ద్రవాలు పొంగుతుంటే, ఛాతీ పొడిబారేదాకా ఎక్కించేది దాన్నే. మోతాదు మించితే అదే రోగి మంచం మీద గాలిలో దేనికోసమో చేతులు చాపుతూ పలవరిస్తాడు. ఆ రెండు దృశ్యాల మధ్య ఎంత సన్నని గీత ఉందో ఆ వార్డుల్లో పనిచేసినవారికి తెలుసు. చొంగ వైద్యంలో వెతికేది ఆ గీతనే, కాకపోతే ఏళ్ల తరబడి, ఇంట్లో, ముసలివాళ్లలోనూ పసివాళ్లలోనూ.

చవకైనదీ చేతికందేదీ ట్రైహెక్సిఫెనిడిల్. పాసిటేన్ అన్న పేరు మన ఇళ్లలో డాక్టర్లకన్నా రోగులకే ఎక్కువ పరిచయం. ఒంట్లో కండరాలు మెలితిరిగే రకం సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో, ఆ మెలికలూ చొంగా రెండూ తగ్గించాలనుకున్నప్పుడు దానికి చోటుంది, అదీ నిపుణుల పర్యవేక్షణలో. డెబ్భై ఏళ్ల పార్కిన్సన్స్ రోగికి చొంగ కోసం దాన్ని రాయడం మాత్రం నేను ఎక్కడా సమర్థించలేను. అది మెదడులోకి హాయిగా ప్రవేశిస్తుంది. మరుపు, గందరగోళం, భ్రమలు తెస్తుంది. వాటిని చూసి ఇంట్లోవాళ్లు ‘జబ్బు ముదిరింది’ అనుకుంటారు. 2019లో బ్రిటన్ వైద్య రికార్డులతో చేసిన పెద్ద అధ్యయనంలో, ఇలాంటి బలమైన మందుల్ని ఏళ్లపాటు వాడినవారిలో డిమెన్షియా దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించింది. మందే కారణమని దాంతో రుజువు కాలేదు. అయినా చొంగ కోసం ఆ జూదం ఆడాలా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

కంట్లో వేసే 1 శాతం అట్రోపిన్ చుక్కల్ని నాలుక కింద వేయడం ఇంకో చవక దారి. చిన్న సీసా, తక్కువ ఖర్చు, కావలసినప్పుడు వేసుకోవచ్చు. నోట్లోనే వేస్తున్నాం కదా, ఒంట్లోకి పోదు అనుకుంటారు. పోతుంది. 2002లో ఏడుగురు పార్కిన్సన్స్ రకం రోగులపై చేసిన తొలి ప్రయత్నంలో చొంగ తగ్గింది గాని కొందరికి భ్రమలు కలిగాయి. ఒక్క చుక్కలో సుమారు అర మిల్లీగ్రాము ఉంటుంది. పొరపాటున నాలుగు చుక్కలు పడితే 2 మిల్లీగ్రాములు. పురుగుమందు తాగినవారికి నరంలోకి ఇచ్చే మొదటి మోతాదు ఇంచుమించు అంతే ఉంటుంది. వణికే చేతులతో రోగి తానే వేసుకునే మందు కాదిది. మెదడు స్పష్టంగా ఉన్నవారికి, ఊరికి వెళ్లేటప్పుడో నలుగురిలో కూర్చోవాల్సినప్పుడో, లెక్క తెలిసిన మనిషి ఒక చుక్క వేస్తే ఉపయోగం ఉంటుంది.

చెవి వెనక అంటించే హయోసిన్ బిళ్ల ప్రయాణంలో వాంతుల కోసం పుట్టింది. మూడు రోజులపాటు సుమారు ఒక మిల్లీగ్రామును చర్మం గుండా వదులుతుంది. మింగలేనివారికి ఇది వరంలా కనిపిస్తుంది. బ్రిటన్‌లో నరాల సమస్యలున్న 90 మంది పిల్లలపై ఈ బిళ్లనూ గ్లైకోపైరోనియం ద్రవాన్నీ పోల్చి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. నాలుగు వారాలకు రెండూ చొంగ తగ్గించాయి. దుష్ప్రభావాలకు మానేసినవారు మాత్రం బిళ్ల వైపే ఎక్కువ. చర్మం కందడం, నిద్రమత్తు, చిరాకు, అంటించిన చేత్తో కన్ను నలిపితే పాప పెద్దదై చూపు మసకబారడం. తలనిలపలేని పిల్లాడికి నిద్రమత్తు తోడైతే చొంగ తగ్గిన లాభం ఏమిటి?

నా దృష్టిలో ఈ కుటుంబంలో మెరుగైనది గ్లైకోపైరోలేట్. బ్రిటన్‌లో దాన్నే గ్లైకోపైరోనియం అంటారు. మత్తు డాక్టర్లకు పాత నేస్తం, ఆపరేషన్ ముందు నోరు, శ్వాసనాళం ఎండేందుకు సూది ద్వారా ఇస్తారు. దాని అణువుకు శాశ్వతమైన విద్యుదావేశం ఉంటుంది. అందువల్ల మెదడు చుట్టూ ఉన్న గోడను దాటడం దానికి చాలా కష్టం. నోరు ఎండుతుంది, మతి చాలావరకు క్షేమం. అదే గుణం ఒక ఇబ్బంది కూడా తెస్తుంది: పేగు గోడ దాటడమూ కష్టమే. నోటి ద్వారా ఇచ్చినదాంట్లో రక్తంలోకి చేరేది సగటున నూటికి మూడు పాళ్ల చుట్టూ, మనిషికీ మనిషికీ బాగా తేడాతో. కొవ్వున్న భోజనంతో కలిపితే ఇంకా పడిపోతుంది. అందుకే తిండికి గంట ముందో రెండు గంటల తరవాతో, రోజూ ఒకే పద్ధతిలో ఇవ్వమంటారు. ఒక రోజు పెరుగన్నంతో, మరో రోజు ఖాళీ కడుపుతో ఇచ్చి ‘ఈ మందు ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు’ అంటే మందును తప్పుపట్టి లాభం లేదు.

3 నుంచి 16 ఏళ్ల పిల్లలకు గ్లైకోపైరోలేట్ ద్రవాన్ని అమెరికా 2010లో అనుమతించింది, యూరప్ 2016లో తన రకాన్ని అనుమతించింది. అమెరికా పద్ధతిలో కిలో బరువుకు 0.02 మిల్లీగ్రాములతో రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి, ఐదు నుంచి ఏడు రోజులకోసారి అంతంతే పెంచుతూ, కిలోకు 0.1 దాటకుండా ఆపుతారు. ఆ అనుమతికి ఆధారమైన పరిశోధనలో మందు తీసుకున్న పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి చెప్పుకోదగ్గ మేలు కలిగింది. ప్లసీబో, అంటే మందు లేని ఉత్తుత్తి మందు, తీసుకున్నవారిలో అలాంటివారు చాలా తక్కువ. పరిశోధనలో ఉన్నది నలభై మంది లోపే, కాలం ఎనిమిది వారాలే అన్నది కూడా పక్కనే రాసుకోవాలి. పెద్దవాళ్లలో 2010లో వచ్చిన డచ్ పరిశోధన ఇంకా చిన్నది. 23 మంది పార్కిన్సన్స్ రోగులకు రోజుకు మూడుసార్లు ఒక్కో మిల్లీగ్రాము ఇస్తే తొమ్మిదిమందికి బాగా తగ్గింది, ప్లసీబోతో ఒక్కరికే. మందు వాడింది ఒక వారం. ఆ వారం మీద కట్టుకున్న నమ్మకంతోనే ఈ మందును ఏళ్ల తరబడి రాస్తున్నాం.

మెదడును వదిలేసినంత మాత్రాన మిగతా ఒంటిని వదిలేస్తుందని కాదు. మలబద్ధకం, మూత్రం బిగపట్టుకుపోవడం, ముఖం ఎర్రబారడం, వాంతులు. ప్రోస్టేట్ పెరిగిన మగవారు, కంట్లో ఒత్తిడి ఉన్నవారు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. నోరు పొడిబారితే పళ్లు త్వరగా పుచ్చుతాయి. పళ్లు తోమించుకోవడమే గగనమైన పిల్లాడిలో ఇది చిన్న విషయం కాదు. మాట రాని బిడ్డ తనకు నోరెండిపోయిందని, పొత్తికడుపు బిగుసుకుందని చెప్పలేడు. ఊరికే గీపెట్టి ఏడుస్తాడు. ఆ ఏడుపుకు మందు మోతాదు కారణమా అని చూసే అలవాటు తల్లికి ముందే నేర్పాలి.

యూరప్ పత్రికల సమీక్షలు ఒక్క వాక్యంలో దాటేసి, మనం ఆగి చదవాల్సిన సంగతి వేడి. ఈ మందులన్నీ చెమటను ఆపుతాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు తాకినప్పుడు ఒంటిని కాపాడేది చెమటే. గ్లైకోపైరోలేట్ ద్రవం పత్రంలోనే వేడి వాతావరణంలో జాగ్రత్త అని ఉంటుంది. 2025 జూన్‌లో అమెరికా సంస్థ హయోసిన్ బిళ్లకు కొత్త హెచ్చరిక చేర్చింది: ఒంటి వేడి ప్రమాదకరంగా పెరగవచ్చని, అందులో పిల్లలు, ముసలివాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారని. నవంబరులో మొదలుపెట్టిన మోతాదు వేసవికీ అదే ఉండాలన్న నియమం లేదు. రేకుల ఇంట్లో, కరెంటు పోయిన పూట, జ్వరం కాని వేడి ఒంటికి తగిలితే డాక్టరును అడిగి మోతాదు తగ్గించాలా ఆపాలా తేల్చుకోవాలి. మనదగ్గర చీటీ రాసేవారు మార్చిలో ఒకసారి ఆ రోగిని పిలిచి చూస్తే బాగుంటుంది.

రెండో దారి నరం చివరనే తాళం వేయడం. జర్మనీలో వుర్టెంబర్గ్ ప్రాంతపు వైద్యుడు, కవి యుస్టినుస్ కెర్నర్ 1820ల్లో చెడిపోయిన సాసేజ్ తిని చనిపోయినవారిని పరిశీలించాడు. కండరాలు వాలిపోవడంతో పాటు నోరు ఎండిపోవడం గమనించాడు. ఆ విషాన్ని అతి కొద్దిగా వాడితే అతిగా ఊరే ద్రవాల్ని తగ్గించవచ్చేమోనని కూడా ఊహించాడు. ఆ ఊహ ముద్రపడిన వైద్యంగా మారడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. బోటులినం అనే ఆ విషపు ఒక రకం, జియోమిన్, పెద్దల చొంగకు 2018 జులైలో అమెరికా అనుమతి పొందింది. బి రకానికి చెందిన మయోబ్లాక్ 2019లో, రెండేళ్లు నిండిన పిల్లలకు జియోమిన్ 2020 డిసెంబరులో అనుమతి పొందాయి. జియోమిన్‌కు ఆధారమైన ప్రధాన పరిశోధనలో 184 మంది పెద్దలున్నారు, పార్కిన్సన్స్, పక్షవాతం, తలకు దెబ్బ తగిలినవారు. ఈ రంగంలో అది పెద్ద సంఖ్యే. చెవి ముందు గ్రంథికి 30 యూనిట్లు, దవడ కింది గ్రంథికి 20, రెండు పక్కలా కలిపి 100. మళ్లీ 16 వారాల లోపు ఇవ్వరు.

పని వారం రోజుల్లో మొదలై మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. రోజూ మందు గుర్తుపెట్టుకునే బాధ లేదు, మెదడుకు, పేగుకు, చెమటకు ఇబ్బంది తక్కువ. అందుకే పార్కిన్సన్స్‌లో నా ఓటు దీనికే, స్తోమత ఉంటే. ఆ ‘ఉంటే’ చిన్నది కాదు. ఒక్క సీసా వేలల్లో, ఏడాదికి మూడుసార్లు, పెద్ద నగరానికి ప్రయాణం, అల్ట్రాసౌండ్ చూసి గుచ్చగల చెయ్యి. గ్రంథి దాటి మందు పక్క కండరాల్లోకి పాకితే మింగడం ఇంకా కష్టమవుతుంది. అప్పటికే గొంతు బలహీనపడ్డ మోటార్ న్యూరాన్ రోగిలో ఇది భయపడాల్సిన విషయం. ఒక కంపెనీ యూనిట్లను మరో కంపెనీ యూనిట్లతో సమానంగా లెక్కించకూడదు. మయోబ్లాక్ మోతాదు వేల యూనిట్లలో ఉంటుంది. ఖర్చు విషయానికొస్తే, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకం ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది. ఈ ఖర్చుల్లో ఏవి అందులోకి వస్తాయో పేరు నమోదు చేసుకునేటప్పుడే అడగడం మంచిది.

మోటార్ న్యూరాన్ జబ్బులో ఇంకో చిక్కు ఉంది. పలుచని లాలాజలం కారుతుంటే పక్కనే చిక్కటి జిగట కఫం గొంతులో పట్టి ఉంటుంది. ఒకదానికి ఇచ్చే మందు రెండోదాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. దగ్గే బలం లేనివారికి అది ఊపిరాడనివ్వదు. నీళ్లు తగినంత తాగించడం, ఆవిరి, సెలైన్ నెబులైజర్, ఇంట్లో చిన్న సక్షన్ యంత్రం అప్పుడు మందుకన్నా మేలు చేస్తాయి. గ్రంథులకు రేడియేషన్ ఇవ్వడమూ ఉంది, పెద్దవాళ్లలో చివరి దారిగా మాత్రమే. ఆపరేషన్ చేసి గ్రంథి నాళాన్ని గొంతు వెనక్కి మళ్లించే పద్ధతిని కెనడాలో విల్కీ అనే సర్జన్ 1967లో ప్రకటించాడు. ఇంకా చేస్తున్నారు, మింగగలిగే పిల్లల్లో.

ఈ మందుల వరుసపై బ్రిటన్ జాతీయ ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2017లో చెప్పిన మాట చాలావరకు నాకు సబబుగానే తోస్తుంది. పార్కిన్సన్స్‌లో ముందు మందు లేని పద్ధతులు, చాలకపోతే గ్లైకోపైరోనియం, అదీ చాలకపోతే బోటులినం. మిగతావి మతి చెదిరే ప్రమాదం అతి తక్కువ ఉన్నవారికే, అదీ వీలైతే నోట్లో చుక్కల్లా అక్కడికక్కడే పనిచేసే రకాల్లో. పిల్లల సెరిబ్రల్ పాల్సీకి గ్లైకోపైరోనియంతో పాటు హయోసిన్ బిళ్లనూ వరసలో ఉంచారు. మన వేసవిలో నేనైతే దాన్ని వెనక్కి నెడతాను.

ఇంకా తేలని సంగతులు పెద్దవే. వారాల పరిశోధనలతో నిలబడిన మందుల్ని ఏళ్లపాటు వాడితే పళ్లకు, జ్ఞాపకానికి, ఎదుగుదలకు ఏమవుతుందో సరిగా కొలిచిన సమాచారం లేదు. గొంతులోకి జారే చొంగ వల్ల వచ్చే న్యుమోనియాను ఏ మందు తగ్గిస్తుందో గట్టిగా చెప్పే పరీక్షలు కరువు. గ్లైకోపైరోలేట్‌నూ బోటులినాన్నీ పెద్ద సంఖ్యలో ఎదురెదురుగా నిలిపి చూసిన పని కూడా కొరవడింది. పిల్లల్లో కొందరికి ఎదిగేకొద్దీ పెదవుల పట్టు కుదిరి చొంగ దానంతటదే తగ్గుతుంది. పార్కిన్సన్స్‌లో జబ్బుతోపాటు అది పెరుగుతుంది. అందువల్ల పిల్లాడి మందును ఏడాదికోసారైనా కొన్నాళ్లు తగ్గించి చూడాలి, పెద్దాయన మోతాదును మతి, మలం, మూత్రం అడుగుతూ మార్చాలి. మన ఓపీ చీటీల్లో మందు మొదలైన తేదీ ఉంటుంది గాని, తగ్గించి చూడాల్సిన తేదీ ఇంచుమించు ఎవరూ రాయరు.